తియ్యటి పొడి

కప్పగల్లు,
ఆదివారం.

సౌభాగ్యవతి సౌందర్యకు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నమ్మడం నీ ఇష్టం.

డాక్టరు రాసిచ్చిన మందు నాయన పీలుస్తున్నాడా అని అడిగావు. పీల్చడం తర్వాత, ముందు పరీక్ష పెట్టాడు తల్లీ! మన చేను ఇనుపరాయి గుట్టలు పోసుకోవడానికి ఇచ్చినప్పటి నుంచీ ఆయనకు అదే పని కదా. లారీ వస్తే పిడికెడు తీసి, వేళ్ల మధ్య నలిపి, అందులో ఇనుము మాలెంతో మట్టెంతో తేల్చేస్తాడు. చేతిలో పట్టే చిన్న మిషన్‌లో పెట్టి పీల్చాల్సిన గొట్టం మాత్రను కూడా అలాగే విప్పాడు. పొడి నలిపాడు, నాలుకకు రాసుకున్నాడు.

"చూడు మే, తియ్యగుండాది! సక్కెర నింపి అమ్ముతాండాడు ఆ హంపన్న!"

అరిస్తే దగ్గు, దగ్గితే ఆయాసం. అయినా బండి తీసుకుని కౌల్ బజార్‌లో మందుల షాపుకు పోయాడు. పాపం హంపన్న, "మందు చిటికెడే ఉంటాదప్పా, మిగతాది పాలసక్కెర కలిపేదే. పీల్చే మందు అట్లనే చేస్తారు" అన్నాడట.

"కలిపినామని నువ్వే ఒప్పుకొంటివి గదప్పా!" అని మీ నాయన వచ్చేశాడు. పెట్టె నా మీదికి విసిరి దిబ్బలో పారేయమన్నాడు.

ఆయన్నేం అనను. మాలులో మట్టి కలిపి లారీలు నింపే ఊళ్లో ఎవరిని నమ్మాలి? నేనూ హంపన్నను అనుమానించాను, డాక్టరును అనుమానించాను. వాడి తీరాల్సిందేనని రాసిన నిన్ను కూడా అనుమానించాను, పాపిష్టిదాన్ని.

నా దగ్గు తగ్గిందా అని కూడా అడిగావు. ఇంతసేపూ దాటేశాను. దానంతటది తగ్గలేదమ్మా. వాకిట్లో ఎర్రదుమ్ము సగం ఊడ్చేసరికి చీపురు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. మొన్న ఊపిరి అందక, తలుపేసుకుని, ఆయన మిషన్‌తోనే ఆ మందు పీల్చాను. కాసేపటికి రొమ్ము మీది బండ దించినట్టయింది. మందు నిజమైనదే. అప్పటి నుంచీ చాటుగా పీలుస్తున్నాను.

ఆ మాట ఆయనతో ఎట్లా చెప్పను? చెబితే, ఆ దుమ్ముకు చేనిచ్చి నన్ను కూడా పాడు చేశానే అని కుమిలిపోతాడు. చెప్పకపోతే ఆయన ఊపిరి రోజురోజుకూ తగ్గిపోతోంది. మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడు.

నిన్న నన్నే కిందా మీదా చూసి, "ఏందిమే, నీకు దగ్గు తగ్గినట్టుండాది? యాడ మందు తింటాండావు?" అన్నాడు. పెట్టె నా కొంగులోనే ఉంది. కొంగు బిగించుకుని పొయ్యి దగ్గరికి పోయాను.

రేపు ఆయన ఎదురుగానే కూర్చుని పీలుస్తాను. కళ్లతో చూసిన సరుకునే కదా ఆయన నమ్మేది. తిట్టనీ, ఏడవనీ. నువ్వు వచ్చేటప్పుడు ఇంకో మిషన్ తీసుకురా తల్లీ, ఇంట్లో ఒకటి చాలదు.

ఇట్లు,
నిన్ను కూడా అనుమానించిన
మీ అమ్మ
నాగలక్ష్మమ్మ