ఆల్బన్ తేనెటీగలు

థిర్జా,

ఆల్బన్ పోయిన పొద్దున, చావు కబురు చెప్పకపోతే తేనెటీగలు ఇల్లు విడిచిపోతాయన్న మన ఊరి ఆచారం తప్పకుండా, ఇంటి తాళంచెవితో తేనెటీగల పెట్టెలు తట్టి, నల్లగుడ్డ కట్టి, "మీ యజమాని పోయాడు" అని వాటికి నేనే చెప్పాను. అయినా అన్నీ లేచిపోయి నీ పెరట్లో ఆపిల్ చెట్టు మీద వాలాయి.

"యజమాని మనసు ఏ ఇంట్లో ఉంటే ఈగలు ఆ ఇంటికే పోతాయే తల్లీ! మా అవ్వ ఎప్పుడూ చెప్పేది," అంది రొట్టెలమ్మే ప్రూడెన్స్, చర్చి గుమ్మంలో అందరూ వినేలా. మా పెళ్ళికి ముందు నీకూ ఆల్బన్‌కూ ఉన్న సంగతి ఊరు మరిచిపోయిందనుకున్నాను.

ఈగలను నువ్వే ఉంచుకో. తేనె తిని చల్లగా ఉండు. అవి వాటంతట అవి రాలేదని, నాకంటే ముందు వచ్చి వాటిని నువ్వే పిలుచుకుపోయావని మాత్రం ఒక్క ముక్క రాయి. అబద్ధమైనా సరే, నమ్ముతాను.

ఇట్లు,
ఆల్బన్ భార్య