పోస్టర్‌లో పందొమ్మిదేళ్ల చెల్లి

మార్చి 3
ఆర్టిస్టు ఒప్పుకున్నాడు! నాలుగేళ్లప్పుడు బస్టాండులో తప్పిపోయిన మా చెల్లి ఇప్పుడు, పందొమ్మిదేళ్లకి, ఎలా ఉంటుందో గీస్తాడట. పోలీసులకి ఇలాంటి బొమ్మలు గీసేది ఆయనే. చెల్లి చిన్నప్పటి ఫోటోతో పాటు ఇంట్లోవాళ్లవి పందొమ్మిదేళ్లప్పటి ఫోటోలు కావాలన్నాడు. నాన్నకి ఒక్కటీ లేదు. అమ్మవి ఉన్న రెండిట్లోనూ కళ్లు మూసుకుంది. నా కాలేజీ ఐడీ కార్డు ఇచ్చేశాను.

మార్చి 11
పోస్టర్ వచ్చింది. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అమ్మ బొమ్మ బుగ్గలు నిమిరి ఏడ్చింది. పిన్ని బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, అక్కాచెల్లెళ్లంటే ఇలా ఉండాలంది.

మార్చి 14, మధ్యాహ్నం
ఫోన్లే ఫోన్లు! ఎనిమిదో నంబరు బస్సులో చూశామని ఒకరు. మార్కెట్లో టమాటాలు బేరమాడుతోందని ఇంకొకరు. అంటే ఈ ఊళ్లోనే ఉంది! నేను పనిచేసే కళ్లజోళ్ల షాపు దగ్గర కూడా చూశారట. ఇన్నాళ్లూ నా పక్కనుంచే వెళ్లిందా?

మార్చి 15
ఇవాళ షాపుకి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. నేనొక పెద్దాయనకి ఫ్రేమ్ సరిచేస్తున్నాను. తప్పిపోయిన పిల్ల దొరికిందన్నారు. ఎక్కడ, ఎక్కడ అని లేచాను. వాళ్లు నన్నే చూస్తున్నారు.

ఆ బస్సు నాది. ఆ టమాటాలు నావి. ఊరు ఊరంతా కలిసి నన్ను కనిపెట్టింది. మా ఓనరు పొట్ట పట్టుకుని నవ్వాడు, నా మొహం చూసి ఆపేశాడు. ఆర్టిస్టుకి ఫోన్ చేసి అరిచేశాను. ఇంట్లోవాళ్లది ఒక్క ఫోటో ఇస్తే ఇంకేం చేస్తానమ్మా అన్నాడు. అదీ నిజమే. తెలివంతా నాదే.

మార్చి 16
అమ్మకి చెప్పలేదు.

మార్చి 19, ఉదయం
ఇంకో ఫోన్. ఎవరో బస్ కండక్టరు. మందుల షాపు కౌంటర్లో ఆ అమ్మాయిని రోజూ చూస్తాడట. అలవాటుకొద్దీ అది నేనేనండీ అనబోయాను. ఏ ఊరని అడిగితే ఒక రేవు పట్టణం పేరు చెప్పాడు.

ఆ ఊళ్లో నేనెప్పుడూ కాలు పెట్టలేదు!

నాన్న అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మకి మాత్రం చూసొచ్చాకే చెబుదామన్నాడు. సరేనన్నాను. కానీ నాకు తెలుసు, అది చెల్లే, చెల్లే.

సాయంత్రం
మందుల షాపు కౌంటర్ వెనక ఆ అమ్మాయి తలెత్తింది, అచ్చం పోస్టర్‌లో మొహమే. నాన్న నా భుజం పట్టుకున్నాడు. నేనింకా ఏమీ అడగలేదు. తనే అంది, "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."