పృథ్వీ పామాయిల్స్

జూన్ 3
రాజమండ్రి ఆఫీసులో బ్యాంకు వాళ్లతో మీటింగ్. ముప్పై ఏళ్ల గ్రాఫ్ వేసి చూపించాను. నాన్న పెట్టిన ఒక్క రైస్ మిల్లు ఇప్పుడు ఐదు కంపెనీలు, వాటన్నిటి పైన తాతగారి పేరుతో కుక్కుటేశ్వర హోల్డింగ్స్. గీత పైపైకే పోతోంది. చాలా బావుందండీ అన్నాడు బ్యాంకాయన. అని ఊరుకోడే! ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే విడిగా చూపించమన్నాడు. చచ్చాను అనుకున్నాను.

రైస్ మిల్లు, కోల్డ్ స్టోరేజ్ సంపాదించిందంతా పృథ్వీ పామాయిల్స్ మింగేస్తోంది. మొదలైన రోజు నుంచీ అంతే. పామాయిలో, ఇంకోటో, ఏదో ఒక కంపెనీ వదిలించుకోండి, లేకపోతే గ్రూపు మొత్తానికీ అప్పు ఆపేస్తాం అన్నాడు.

జూన్ 4
మా ఇంట్లో కంపెనీలకి మనుషుల పేర్లు పెడతారు. రైస్ మిల్లుది అమ్మ పేరు, మీనాకుమారి. కోల్డ్ స్టోరేజ్‌ది నా పేరు, హరిచందన. పామాయిల్‌ది తమ్ముడి పేరు. మనిషి పోయాక పెట్టింది అదొక్కటే.

జంగారెడ్డిగూడెంలో పామాయిల్ ఫ్యాక్టరీకి స్థలం చూడ్డానికే పృథ్వీ బైక్ మీద వెళ్లాడు. తిరిగి వస్తుంటే లారీ గుద్దేసింది. అంబులెన్సులో ఇంటికి తెస్తున్నప్పుడు నాన్న వాడి తల ఒళ్లో పెట్టుకున్నారు. కొవ్వూరు బ్రిడ్జి మీద డ్రైవర్‌తో అంటూనే ఉన్నారు, మెల్లిగా పోనీ బాబూ, గతుకులున్నాయి అని. వాడు అప్పటికే లేడు. నేను పక్కనే ఉన్నాను. అలాగేనండీ అంటూనే ఉన్నాడు డ్రైవర్.

దినాలు అయిన నెలకే ఆ స్థలంలో శంకుస్థాపన. వద్దని ఎవరంటారు?

జూన్ 9
పొద్దున్న కాఫీ తాగుతూ నాన్న, హరిచందన అమ్మేద్దామమ్మా అన్నారు. అదేంటి నాన్నా, లాభాల్లో ఉంది కదా అన్నాను. పోతే మళ్లీ పెట్టుకుందాం, నువ్వున్నావు కదా అన్నారు.

నువ్వున్నావు కదా!

ఒళ్లు మండిపోయింది. బతికున్నందుకా నాకీ శిక్ష? బాత్రూంలో కుళాయి తిప్పేసి ఏడ్చాను.

జూన్ 10
కోల్డ్ స్టోరేజ్ మేనేజర్ ఆశాజ్యోతి ఫోన్. మమ్మల్ని అమ్మేస్తున్నారంట కదా మేడం అంది. ఎవరు చెప్పారని అరిచేశాను. పాపం, ఆవిడేం చేసింది.

జూన్ 20
బోర్డు మీటింగ్. నాన్న, జానకిరామ్ బాబాయ్, నేను. నాన్న కోల్డ్ స్టోరేజ్ అమ్మాలన్నారు. బాబాయ్ పామాయిల్ వదిలేయాలన్నాడు. ఇద్దరూ నా వంక చూశారు.

పామాయిల్ అన్నాను. తమ్ముడి పేరు నోట రాలేదు.

నాన్న సంతకం పెట్టేసి, భోజనానికి వెళ్దామా అన్నారు. బాబాయ్‌తో.

జూలై 15
నాన్న నాతో మాట్లాడడం లేదు.

ఆగస్టు 29
కొన్నవాళ్లకి తాళాలు ఇచ్చేశాం. నాన్న గేటు మీద తమ్ముడి పేరున్న బోర్డు దింపించారు. డిక్కీలో పట్టలేదు. వెనక సీట్లో పడుకోబెట్టించి, ఒక చివర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. డ్రైవింగ్ నేనే.

కొవ్వూరు బ్రిడ్జి ఎక్కాక నోరు విప్పారు. మెల్లిగా పోనీ బాబూ, గతుకులున్నాయి అన్నారు.

అలాగేనండీ అన్నాను.