బక్క వరుస

కినంగాప్,
ఆదివారం.

మా వంగేచి అమ్మ న్యోకాబికి,

నేనూ, పిల్లా, గొర్రెలూ అందరం కులాసా. చలి ఒక్కటే కొరికేస్తోంది. హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని కంగారుపడకు. నీ గొంతు వినబడితే చెప్పాల్సిన మాట నాకు బయటికి రాదు. అందుకే కాగితం పట్టాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వంగేచికి దగ్గు తగ్గింది. బంగాళాదుంపలు మెదిపి ముకిమో వండడం నేర్చుకుంది గానీ, ఉప్పు మాత్రం నన్నే వేయమంటుంది. బాగా కుదరకపోతే తప్పు నాదవుతుంది కదా, నీ కూతురే మరి. నీ క్యారెట్ మడుల్లో కలుపు తీశాను.

మీ అమ్మగారి కొండ చేను సంగతి రెండుసార్లు అడిగావు. అక్కడి క్యారెట్లు మొన్ననే తవ్వాను. ఒకే విత్తనాలు మన పెరట్లోనూ, అక్కడా ఎందుకు చల్లావో అప్పట్లో నాకు తలకెక్కలేదు. దుంప బరువు చాలామటుకు నేల పెట్టే భిక్ష అనీ, రెండు నేలల్లోనూ నిలబడిన గుణమే పుట్టుకతో వచ్చిందనీ, పిల్లలకు దిగేది అదేననీ నువ్వు చెబుతుంటే తలూపుతూ టీ తాగాను.

మన పెరట్లో, మొలకప్పుడు మనం బక్కదని పేరు పెట్టిన ఆ బక్క వరుస ఎంత లావుగా ఊరిందో ఫొటో పంపితే మురిసిపోయావు. వచ్చే వారం మీ మాస్టార్ల ముందు దాన్నే చూపిస్తాననీ, దాని దుంపలనే విత్తనానికి నాటతాననీ రాశావు. న్యోకాబీ, ఆ పని చేయకు.

ఆ వరుసకు నేను గొర్రెల ఎరువు వేశాను.

మడుల్లో వేలు పెట్టొద్దని మరీ మరీ చెప్పి వెళ్లావు. కానీ చుట్టూ అన్నీ కళకళలాడుతుంటే అదొక్కటీ పాలిపోయి ఉండటం చూడలేకపోయాను. ఒక బిడ్డకు పెట్టి ఇంకో బిడ్డను పస్తుంచడం నాకు చేతకాదు. పైగా నువ్వు లేని ఇంట్లో సాయంత్రాలు నాకేమీ తోచేది కాదు. రోజూ పోయి దానికి కాస్త ఎరువు, కాస్త నీళ్లు. ఫొటో పంపినప్పుడైనా చెప్పాల్సింది. నీ సంతోషం చూశాక నోరు రాలేదు. కొండ చేలో అదే వరుస ఎలక తోకల్లా ఉంది. నీ రెండేళ్ల చదువును నేను పేడలో ముంచబోయాను. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

అయితే ఇది కూడా విను. నువ్వు పెద్దగా పట్టించుకోని ఎర్ర వరుసకు నేను పిడికెడు ఎరువు కూడా వేయలేదు. నా మాట ఇక నమ్మవని తెలుసు. అందుకే రెండు చేల ఎర్ర దుంపలను రెండు గోనెల మీద విడివిడిగా పోసి, మీ అమ్మగారిని పిలిచి, ఇందులో తన చేనువి ఏవో చెప్పమన్నాను. ఆవిడ ఒక్కొక్కటే తిప్పి చూశారు, విరిచి చూశారు. మనలో అత్తగార్లు అల్లుడి ఎదుట తినరు కదా, మొహం అటు తిప్పుకుని కొరికి కూడా చూశారు.

"నాకు తెలీటం లేదు నాయనా. ఇదీ అదీ ఒకటే. ఒక్క తల్లి పిల్లలు ఏ ఇంట్లో పెరిగితే మాత్రం మొహాలు మారతాయా?" అన్నారు.

ఆ మాట మీ మాస్టార్లకు చెప్పు. ఎర్ర దుంపలను ఇసుకలో దాచాను. నువ్వే వచ్చి నీ చేత్తో నాటుకో. నేను గట్టు దిగను.

ఇట్లు,
ఈసారి చేతులు కట్టుకుని కూర్చునే
వంగేచి నాన్న