రెండో సాక్షి

వికారాబాద్,
21 అక్టోబర్ 1956, ఆదివారం.

చిరంజీవి మదార్‌కు నీ డ్రిల్లు మాస్టరు విశ్వేశ్వర్ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం, అక్కడ కరాచీలో నువ్వూ బాగున్నావని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. కానీ నీ ఉత్తరం మూడుసార్లు చదివాక ఆ మాట కలం నుంచి దిగడం లేదు. మీ అమ్మకు ఒంట్లో బాగానే ఉంది. నేనూ తింటున్నాను, బడిలో ఈల ఊదుతున్నాను. కుశలం ఇంతవరకే.

నీ ఉత్తరం కొంగున ముడేసుకుని మీ అమ్మ రాజ్‌బీ పొద్దుటి ప్యాసింజర్లో తాండూరు నుంచి వచ్చింది. నేను ఇక్కడికి బదిలీ అయి రెండేళ్లయినా నీ ఉత్తరాలు చదివి వినిపించే పని మాత్రం నాదే. తాండూరులో చదివేవాళ్లే దొరకలేదా అని మా ఇంటావిడ సావిత్రమ్మ నవ్వుతూ అడిగింది. దానికి మీ అమ్మ, ‘ఉన్నరమ్మా, కాని చదివి బజారంత చాటెటోల్లున్నరు’ అన్నది. చాయ్ తాగమంటే, ‘ముందుగాల పోరడు ఏం రాసిండో చెప్పుండ్రి, గొంతుల దిగదు’ అన్నది.

చదివాను. ఈ నెలాఖరులోగా పాకిస్తాన్ పౌరసత్వం కాగితాల మీద సంతకం చెయ్యమని నీ క్లబ్బువాళ్లు అన్నారు. చేస్తే వచ్చే ఏడు పర్యటనకు పోయే ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టులో కుడి అంచున ఆడే చోటు నీది. చెయ్యకపోతే క్లబ్బులోనూ చోటు లేదు. నీ హిందుస్తాన్ పాస్‌పోర్టు డిసెంబరుదాకానే చెల్లుతుంది. ఏం చెయ్యమంటారు సార్ అని నన్ను అడిగావు. వచ్చి నా దగ్గర ఉంటావా అని మీ అమ్మను అడిగావు.

ఆమె జవాబు ఆమె మాటల్లోనే రాస్తున్నాను: ‘గాడ సముద్రమున్నదట గద సారూ. కాగ్నా వాగు నిండితెనే నేను అవతలి ఒడ్డుకు పోను. సముద్రమున్న ఊరికి నేనేం పోత?’ అని నవ్వింది. ఆ తర్వాత నవ్వకుండా అడిగింది: ‘వాడు గా అంగీ తొడుక్కుంటె మల్ల ఇటు రానిస్తరా?’

రానివ్వరని నీకూ తెలుసు, నాకూ తెలుసు. వచ్చినా చుట్టంలా వస్తావు. పోలీసు ఠాణాలో హాజరు వేయించుకుని, రోజులు లెక్కపెట్టుకుని పోతావు. కన్నతల్లిని చూడ్డానికి వీసా!

ఇక నా కోపం విను. నీ మీద సగం, లోకం మీద సగం.

నీ క్లబ్బు గురించి గొప్పగా రాశావు. ఓడరేవు పక్కన పొడుగాటి షెడ్డు, అందులో ఇరవైమంది కుర్రాళ్లు, పొద్దున పాలు, గుడ్లు, కాళ్లకు బూట్లు, విలాయతీ కోచ్. చేర్చుకునే రోజు పిక్కలు పిసికి చూశారనీ, నోరు తెరిపించి పళ్లు చూశారనీ రాశావు. మదార్, తాండూరు సంతలో ఎడ్లను కొనేవాడూ అదే చేస్తాడు. అయితే ఎద్దును ఏ దేశందానివని అడగడు, సంతకం పెట్టమనడు. నీ పక్క మంచం కుర్రవాడికి మోకాలు విరిగితే రైలు టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేశారని ఒక్క వాక్యంలో రాసి, వెంటనే జట్టు అంగీ ఎంత ముదురాకుపచ్చగా ఉంటుందో నాలుగు వాక్యాలు రాశావు. నాకు మండింది అక్కడే. ఆ కుర్రవాడి పేరైనా రాయలేదేం? మోకాళ్లు నీకూ రెండే ఉన్నాయి కదా.

నేను హిందుస్తాన్ జెండా పట్టుకుని నీకు దేశభక్తి పాఠం చెబుతున్నాననుకోకు. ఇక్కడివాళ్లు ఏం తక్కువ తినలేదు. వచ్చే నెల మన జట్టు ఒలింపిక్స్‌కు మెల్బోర్న్ పోతోంది. అందులో హైదరాబాదు ఆటగాళ్లు సగానికి దగ్గరగా ఉన్నారట. తాండూరు స్టేషన్ బయటి హోటల్లో అందరూ అదే మాట. బండల గనిలో మేస్త్రీ జంగప్ప గుర్తున్నాడు కదా, కన్నడం తెలుగు కలిపి తిట్టేవాడు, ఆయన నిన్న అక్కడ గ్లాసు బల్ల మీద కొట్టి, ‘మా మదార్‌గాడు కొడితె బంతికి కండ్లుంటయి. గసుంటోన్ని ఎల్లగొట్టి ఈడ పేపరు సదువుకుంట కూసుండ్రి’ అని అరిచాడట. ఒకడు, ‘పొమ్మన్నదెవరు జంగప్పా, వాడే పోయిండు’ అన్నాడట. జంగప్ప, ‘ఆఁ, నీ బర్రె గూడ గట్లనే పోయింది, గడ్డెయ్యకుంటె’ అన్నాడట. హోటలంతా నవ్విందని చెప్పి మీ అమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అసలు నీకు ఆట నేర్పినదెవరు? ఏ దేశమూ కాదు. గని పక్కన పనికిరాని బండలు పారేసే మైదానం నేర్పింది. రెండు బండలు నిలబెడితే గోలు. పడితే మోకాలి చర్మం ఆ రాళ్లకే అంటుకుపోతుంది కాబట్టి పడకుండా మలుపు తిరగడం నేర్చుకున్నావు. ఇప్పుడు ఆ మలుపును చూసి ఒక దేశం కొంటానంటోంది, ఇంకో దేశం మాకేం తెలుసంటోంది.

ఈ దేశమే నిన్నేమని అడగగలదు? నలభై ఎనిమిది సెప్టెంబరులో, పోలీసు యాక్షన్ రోజుల్లో, మీ నాయన గుల్బర్గా అవతలికి పెండ్లికని పోయి తిరిగి రాలేదు. ఏ రిజిస్టరులోనూ ఆయన పేరు ఎక్కలేదు. చచ్చాడని రాయరు, ఉన్నాడనీ రాయరు. ఆ సంగతి అడగనివాళ్లకు నీ విశ్వాసం సంగతి అడిగే హక్కు లేదు. ఇది నేను పత్రికలో రాశాను, మళ్లీ రాస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు నీ ఉత్తరంలో దాన్ని ఎత్తావు కాబట్టి.

యాభై రెండు ఆగస్టు. ఒక సర్కారీ శాఖ వాళ్లు తమ జట్టు కోసం హైదరాబాదులో నీ ఆట చూసి, నౌకరీ ఇచ్చి జట్టులో పెట్టుకుంటామన్నారు. అక్కడి నుంచి రాష్ట్ర జట్టుకు ఒక్క మెట్టు, దాని పైన దేశపు జట్టు. నౌకరీకి కావలసింది ముల్కీ కాగితం, అంటే ఈ గడ్డ మీద పుట్టినవాడివేనని రుజువు. ఆ ఫారం మీద ఊళ్లో పరువున్న ఇద్దరు సాక్షి సంతకాలు చెయ్యాలి. మిషన్ దవాఖానాలో కంపౌండర్ మత్తయ్య మొదటి సంతకం పెట్టాడు. రెండో సంతకానికి నువ్వు తొమ్మిది గడపలు తిరిగావు. మీ మామ కరాచీ పోయి ఉన్నాడని తెలిసినవాళ్లు లోపలి నుంచే లేరని చెప్పించారు. చివరికి నా దగ్గరికి వచ్చావు.

నేను పెట్టనన్నాను. మనిషి తాను పుట్టిన మట్టికి చెందినవాడని చెప్పుకోవడానికి కాగితం కావాలా అన్నాను. ముల్కీ, గైర్ ముల్కీ అని మనుషులను చీల్చే ఈ ఫారాల మీద నా సంతకం ఉండదు, ఎవరికీ పెట్టను, అది నా సిద్ధాంతం అన్నాను. నువ్వు తల ఊపి, ‘మీరు చెప్పింది కరెక్టే సార్’ అని పోయావు. నేను ఆ వారమే దాని మీద పత్రికలో వ్యాసం రాశాను. మంచి పేరు వచ్చింది. గడువు దాటిపోయింది. మరుసటేడు నువ్వు కరాచీ బండెక్కావు.

ఇప్పుడు నువ్వేం రాశావు? ‘సార్, ఇక్కడి దోస్తులకు మీ గురించి చెప్పిన. మా సారు ఉసూలున్న మనిషి, నాకోసం గూడ ఉసూలు తప్పలే అని చెప్పిన. కాగితం మీద రాస్తె మట్టి మారదని మీరే అంటిరి. గట్లనుకునే ఇప్పుడు సంతకం పెడుత. పెట్టినా నేను తాండూరోన్నే గద సార్?’

నా సిద్ధాంతానికి ఉసూలని పేరు పెట్టి, నా మాటను నా మీదికే తిప్పి గోలు కొట్టావు. దీనికి జవాబు వెతుకుతూ పొద్దుటి నుంచి నాలుగు కాగితాలు చించాను. అడిగిన కాగితం ఇవ్వకపోవడం వేరు, ముందు పెట్టిన కాగితం మీద సంతకం చెయ్యడం వేరు అని ఒకసారి రాశాను. రెండింటిలోనూ పోయేది నువ్వే కదా అనిపించి చించాను. సంతకం మట్టిని మార్చకపోవచ్చు, సరిహద్దు గేటును మాత్రం మూస్తుందిరా పిచ్చివాడా అని రాశాను. అది నిజం, అది ఉంచుతున్నాను. ఆ మూసుకునే గేటు అవతల ఉండిపోయేది మీ అమ్మ. నలభై ఎనిమిదిలో ఒకరి కోసం అలా ఎదురుచూసింది. ఇంకొకరి కోసం కూడా ఎదురుచూడమనకు.

కాబట్టి నా మాట: సంతకం పెట్టకు. పాస్‌పోర్టు చెల్లేలోగా వచ్చెయ్. ఇక్కడ నీకు జట్టు ఉంటుందని మాట ఇవ్వలేను. బూట్లు, గుడ్లు అసలే లేవు. బడిలో పిల్లలకు ఆట నేర్పే పనైనా చూస్తాను, లేకపోతే గనిలో జంగప్ప చూస్తాడు. తక్కువే, చాలా తక్కువ. ఇంత తక్కువ చేతిలో పెట్టి రమ్మంటున్నందుకు నాకూ సిగ్గుగానే ఉంది. అయినా రా.

నీ మేలు కోరే,
విశ్వేశ్వర్

తా.క. పై ఉత్తరం మడిచి కవరులో పెట్టి, మీ అమ్మను సాయంత్రం బండి ఎక్కించడానికి స్టేషన్‌కు పోయాను. బండి ఆలస్యం. బెంచీ మీద కూర్చుని ఆమె అన్నది: ‘ఆనాడు మీరు దస్తఖతు పెట్టకపోతిరి సారూ. నాకు కోపమచ్చింది, అబద్ధమెందుకు. పోరడే సముదాయించిండు. మా ఒక్కరికే కాదు గద, మీరు ఎవ్వరికీ పెట్టరు గద. ఉసూలంటె ఉసూలే.’

బండి వచ్చింది, ఆమె పోయింది. ఇంటికి వచ్చి కవరు చించి ఉత్తరం బయటికి తీశాను.

మదార్, అది సిద్ధాంతం కాదు. నా రాజకీయాలకు జైలుకు పోయింది నీకు తెలుసు కదా, విడుదలై, ఊడిన నౌకరీలో మళ్లీ చేరి అప్పటికి రెండు నెలలు. నీ ఫారం కింద చిన్న గడి ఒకటి ఉంది, దగ్గరి బంధువులు పాకిస్తాన్‌లో ఉంటే రాయమని. అందులో నువ్వు దాచకుండా మీ మామ పేరు రాశావు. దాని కిందే నా సంతకం ఉండాలి. నన్నెవరూ బెదిరించలేదు. ఏ పోలీసు జవానూ ఇంటికి రాలేదు. ఆ గడి చూశాను, చెయ్యి ఆగిపోయింది, ఆ తర్వాత నోటికి సిద్ధాంతం వచ్చింది. నాకు అది ఎప్పుడూ తొందరగానే వస్తుంది. నిన్ను పంపించిన మూడో రోజు బట్టల దుకాణం రాజేశం సేటు తన కొడుకు ఫారం తెచ్చాడు, వారంలోపు తన బామ్మర్ది కొడుకుదీ తెచ్చాడు. ఆ గడులు ఖాళీ. రెండింటికీ సంతకం పెట్టాను. రెండోది పెట్టిన కలంతోనే ఆ వ్యాసం పూర్తి చేశాను.

ఇప్పుడైనా నీ ఫారం మీద సంతకం చేసి పంపుదామంటే, ఇంకో పది రోజుల్లో ఆ ఫారం మీద పేరున్న హైదరాబాదు రాష్ట్రమే ఉండదు.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. రేపు బడికి సెలవు పెట్టి పొద్దుటి బండికి తాండూరు పోతున్నాను, చెప్పడానికే. ఆమె ఏమంటుందో నాకు తెలియదు. ఆ కరాచీ కాగితం సంగతి నీ ఇష్టం. మీ అమ్మను తలచుకుని మానెయ్, లేదా నీ ఆటను తలచుకుని పెట్టు. కాగితంతో మట్టి మారదన్న నా మాట నమ్మి మాత్రం పెట్టకు. ఆ మాట చెప్పిన రోజున నేనే దాన్ని నమ్మలేదు.