రేవు వైపు చూసే మరియమ్మ

నాన్నా,

నువ్వు పోయాక మన లంక చర్చిలో మరియమ్మ విగ్రహానికి రంగులేసేవాళ్ళు లేరు. ఈ ఏడు పట్నం నుంచి ఎవరో వచ్చి నీ రంగులన్నీ గీకేశారట. కింద పాతకాలపు బంగారు పూత బయటపడిందని తమ్ముడు ఫోటో పంపాడు.

ఇక్కడ దోహాలో చర్చి ఊరి చివరెక్కడో ఉంది కదా, అందుకే మన్సూరా పేటలో, నాలాగే ఇళ్ళల్లో పనికొచ్చిన మార్తక్క గదిలో శుక్రవారం ప్రార్థనకు ఆ ఫోటోనే అచ్చు వేయించి పెట్టాం.

"ఎంత కళగా ఉందే తల్లి!" అంది అక్క.

నాకు మాత్రం కుదురు లేదు. నువ్వు దిద్దిన ఎడమ కన్ను కాస్త రేవు వైపు తిరిగి ఉండేది. మెల్లకన్నని ఊరంతా నవ్వితే, "పడవెక్కి పోయినోళ్ళ కోసం సూత్తంది" అనేవాడివి. ఇప్పుడు తిన్నగా చూస్తోంది, ఎవరి కోసమూ ఎదురుచూడనట్టు.

నేను పనిచేసే ఇంటి మేడమ్ పారేసిన కాటుక పెన్సిల్‌తో ఫోటోలో ఆ కన్ను దిద్దేశాను.

"ఓసి పిచ్చిదానా, పాడు చేశావ్!" అని అక్క అరిచింది.

అరవనీ నాన్నా. నేనింకా తిరిగి రావాలి కదా.