ఖాళీ బస్సు

ఫిబ్రవరి 6

కొత్త రూటు నా నెత్తినే పెట్టారు. బస్సు ఎలక్ట్రిక్‌ది, బంగారంలాంటి బండి, చప్పుడే లేదు. కానీ వెళ్ళేదెక్కడికి? ఊరి చివర పాత గోడౌన్లు కూల్చిన స్థలానికి. అక్కడ మనుషుల్లేరు. కంచె, మట్టిగుట్టలు, ఒక వాచ్‌మన్, అతని కుక్క. ఇళ్ళింకా పునాదుల్లోనే ఉన్నాయి. బస్సు మాత్రం పావుగంటకొకటి పోవాలట.

ఇదెక్కడి విడ్డూరమండీ అని సూపర్‌వైజర్‌గారిని అడిగాను. ప్రభుత్వం ఇళ్ళకీ బస్సుకీ కలిపి డబ్బిస్తోందని చెప్పారు. ఆ ఇళ్ళకి అద్దె తక్కువ. కార్లు పెట్టుకునే చోటుండదు, అందరూ బస్సులోనే తిరగాలి, పొగ తగ్గాలి. అందుకని ముందు బస్సు నడిపి చూపించాలట. జనం ఎక్కుతున్నారని తేలితేనే రెండో విడత డబ్బు వస్తుందట, లేకపోతే కట్టడం ఆగిపోతుందట. ఇళ్ళే లేనిచోటికి ఎవరెక్కుతారండీ అన్నాను. నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ ఇళ్ళలో ఒకటి మాకు రావాలి.

ఫిబ్రవరి 7

రోజంతా ఖాళీ. ఎవరికోసమో తలుపులు తెరవడం, మూయడం. పిచ్చిదాన్ననుకుంటారు చూసినవాళ్ళు.

ఫిబ్రవరి 9

అత్తయ్యకి చెప్పాను. ఉన్నది మేమిద్దరమే. ఆవిడ కొడుకు నన్ను వదిలేసి వేరే కాపురం పెట్టాడు. తల్లిని రమ్మన్నాడు. ఆవిడ వెళ్ళలేదు. నీ వంటకి అలవాటుపడి చచ్చాను, ఇంకెక్కడికి పోతాను అంది నాతో. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తెలీదు.

మాది మూడో అంతస్తులో ఒంటిగది. లిఫ్టు లేదు. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి, కిందికి దిగి నెలలైంది. కొత్త ఇళ్ళకి లిఫ్టుంది. పెద్దవాళ్ళున్న కుటుంబాలకే ముందు ఇస్తారు. ఆవిడుంది కాబట్టే మా దరఖాస్తు ఒప్పుకున్నారు.

అంతా విని, అయితే నేనెక్కుతా అంది. మెట్లెవరు దిగుతారు అన్నాను. నేనే, నువ్వు మోస్తావా ఏంటి అంది.

ఫిబ్రవరి 10

దిగింది! ప్రతి మెట్టు దగ్గరా ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ, మొత్తానికి దిగింది. టికెట్ తీసుకుని నా వెనక సీట్లో దిండు వేసుకుని కూర్చుంది. బ్రేకు అలా తొక్కితే మనుషులు ముందుకొచ్చి పడరా అంది. ఏ మనుషులు అన్నాను. నేను మనిషిని కాదా అంది.

మార్చి 4

రోజూ వస్తోంది. చివరి స్టాప్‌లో దిగి కంచె పట్టుకుని నిలబడుతుంది. ఇవాళ గాలిలో వేలు చూపించి, వంటిల్లు అదిగో అక్కడ అంది. మొదటి అంతస్తే కావాలట, లిఫ్టు పాడైతే మళ్ళీ ఏ పాట్లు పడాలి అని. గోడ వంకరగా లేస్తోందని వాచ్‌మన్‌తో గొడవ. పాపం అతను గోడ కట్టేవాడు కాదు కదా. అయినా రేపు మేస్త్రీకి చెప్తానండీ అన్నాడట.

నాకు భయంగానే ఉంది. రాత్రిళ్ళు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతోంది. ఇంక చాలు అత్తయ్యా అంటే, లిఫ్టు వచ్చాక పడుకుంటాలే అంటుంది.

మార్చి 21

సందు చివర దర్జీ, ఆయన భార్య కూడా ఎక్కారు! వాళ్ళూ ఇంటికోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళే. అత్తయ్య కిటికీలోంచి కేకేసి మరీ నూరిపోసిందట, మన ఇంటికి మనమే వెళ్ళకపోతే ఎవరెళ్తారు అని. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. కంచె దగ్గర నిలబడి, మా బాల్కనీ ఇటు, మీ బాల్కనీ అటు అనుకుంటున్నారు. నిన్న ఒకావిడ, మీ బట్టలు ఆరేస్తే మాకు వెలుతురు రాదని దర్జీ భార్యతో పోట్లాడింది. అక్కడింకా స్తంభాలే ఉన్నాయి!

నవ్వలేక చచ్చాను. చాలా రోజులైంది ఇలా నవ్వి.

ఏప్రిల్ 14

ఆఫీసునుంచి లెక్క కట్టే అబ్బాయి వచ్చాడు. ఎక్కినవాళ్ళని మీట నొక్కి లెక్కపెట్టే చిన్న మిషన్ పట్టుకుని తలుపు పక్కన కూర్చున్నాడు. వారమంతా ఉంటాడట. అత్తయ్య ఎదురుగా కూర్చుని, బాబూ నన్ను నొక్కావా అని అడిగింది. నొక్కానండీ అన్నాడు. ఏదీ చూపించు అంది.

ఏప్రిల్ 17

పొద్దున్నుంచీ వాన. అత్తయ్యకి జ్వరం. ఇవాళ రావద్దని ఖచ్చితంగా చెప్పి వచ్చాను. రెండో ట్రిప్పుకి స్టాప్‌లో గొడుగు కింద నిలబడి ఉంది. బస్సులో జనమున్నారు కాబట్టి అరవలేదు. సాయంత్రం దాకా కూర్చుంది.

ఇంటికొచ్చాక రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయింది. నువ్వు పద, నేనొస్తా అంది. నేను వెళ్ళలేదు. ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చున్నాం. ఆవిడకి ఊపిరి అందడం లేదు. దర్జీ వచ్చి సాయం పట్టాడు, పైకి కాదు, కిందికి. హాస్పిటల్‌కి.

ఏప్రిల్ 20, మధ్యాహ్నం

ఊపిరితిత్తుల్లో నెమ్ము. కళ్ళు తెరిచి, డబ్బొచ్చిందా అంది. వచ్చిందన్నాను. ఇంకా రాలేదు. మొదటి అంతస్తేనా అంది. మొదటి అంతస్తే అన్నాను.

ఏప్రిల్ 22

అత్తయ్య పోయింది.

మే 2

డ్యూటీకి వెళ్ళాను. ఈలోగా ఆవిడ కొడుకు వచ్చాడు, ఏడ్చాడు, వెళ్ళిపోయాడు. ఆవిడ దిండు నా వెనక సీటు మీదే ఉంది. డిపోలో ఎవరూ తియ్యలేదు.

జూన్ 11

రెండో విడత డబ్బొచ్చింది. సూపర్‌వైజర్‌గారు అందరినీ పిలిచి చెప్పారు, మన రూటు లెక్క బాగా వచ్చిందని. చప్పట్లు కొట్టారు. నేను బాత్రూమ్‌కి వెళ్ళి తలుపేసుకున్నాను.

జూన్ 30

ఇళ్ళ ఆఫీసుకి రమ్మన్నారు. అక్కడి ఆఫీసరు మంచావిడే, కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. పెద్దవాళ్ళున్న కుటుంబమని ఒప్పుకున్నారట, ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇక్కడ ఒంటరివాళ్ళకి ఇళ్ళు లేవట. ఇంకెప్పుడైనా కడితే చూద్దాం అంది.

ఆ ఇల్లు మా అత్తయ్య వానలో కూర్చుని తెచ్చిందండీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నేను విప్పి చెప్పలేకపోయాను. ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తెలిస్తే బాగుండును.

జనవరి 19

దర్జీవాళ్ళు కొత్త ఇంటికి మారారు. కుట్టుమిషన్ బస్సులోనే ఎక్కించాను, రూల్సు ఒప్పుకోకపోయినా. ఆయన భార్య దిగేముందు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. మొదటి అంతస్తులో అత్తయ్య చూపించినచోట ఎవరిదో వంటింటి కిటికీ తెరిచి ఉంది. గోడ వంకరగా ఏమీ లేదు.

మూడో అంతస్తు ఎక్కి మా గదికొచ్చాను. దారిలో రెండో అంతస్తు మలుపులో కాసేపు కూర్చున్నాను.

ఫిబ్రవరి 3

బస్సు కిక్కిరిసిపోయింది. నా వెనక సీట్లో కొత్తావిడ కబుర్లు మొదలెట్టింది. ఇళ్ళు రాకముందు ఈ బస్సు ఖాళీగా తిరిగేదట కదా అంది.

లేదండీ, మా అత్తయ్య ఉండేది అన్నాను.